గ్లోరియమ్మ గారి ఓటు

ఆ శనివారం పొద్దున సౌభాగ్యమ్మ ఒక్క మాట జారింది. జారిందో, తనే జార్చిందో, తరవాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆమెకే తేలలేదు.

దోహాలో, ఐన్ ఖాలిద్ పేటలో, రిచర్డ్ సార్ ఇంట్లో ఆమె వంటమనిషి. అమెరికా నుంచి వచ్చిన ఇంజనీరు ఆయన. రాస్ లఫాన్‌లో గ్యాస్ పనులు జరుగుతుంటే అక్కడ డ్యూటీ. ఆ పొద్దున వంటింటి గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అడిగాడు.

"సోబా, మన తోటపని నర్సింలుది ఏ కంపెనీ? గేటు దగ్గర పేర్లు రాసుకుంటున్నారు."

"కంపెనీ ఎక్కడిది సార్! ఖల్లివెల్లి," అనేసింది సౌభాగ్యమ్మ, పెనం మీద అట్టు తిరగేస్తూ.

తెచ్చుకున్న యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకు బతికేవాణ్ణి అక్కడ ఖల్లివెల్లి అంటారు. దోహాలో ఆ మాట తెలియనివాళ్ళు లేరు. రిచర్డ్ సార్ చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. ముడి బిగించి, లేచి వెళ్ళిపోయాడు.

అట్టు మాడింది.

ఎందుకన్నట్టు? ముందటి శుక్రవారం ప్రార్థన కూటంలో ఆఫీసు గుమాస్తా ఎడ్వర్డు గారు అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "ఈ ఖల్లివెల్లిగాళ్ళ వల్లే మన తెలుగువాళ్ళందరికీ చెడ్డపేరు. వస్తూనే ఉంటారు, పారిపోతూనే ఉంటారు. అందర్నీ ఓడెక్కించి తోలెయ్యాలి." చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. సౌభాగ్యమ్మ కూడా తలూపింది. తన బతాకా, అంటే గుర్తింపు కార్డు, సరిగ్గా ఉంది, వీసా సరిగ్గా ఉంది. ఎవడో వచ్చి తనిఖీ చేస్తే నర్సింలుతో పాటు తనకీ చుట్టుకుంటుందేమోనన్న భయం మాత్రం రోజూ ఉంది. ఆ భయమే నోట్లోంచి మాటై వచ్చిందనుకుంది.

సాయంత్రం రిచర్డ్ సార్ తోటలోకి వెళ్ళి నర్సింలు భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. అరవలేదు. మనిషి అరిచే రకం కాదు. నర్సింలు నీళ్ళ గొట్టాన్ని చుట్టలు చుట్టి గోడకి తగిలించాడు. కత్తెర కడిగి, తుడిచి, దాని చోట పెట్టాడు. వంటింటి కిటికీ దగ్గరకొచ్చి, రోజూ పెట్టినట్టే గుప్పెడు పుదీనా గట్టు మీద పెట్టాడు.

"పోతున్న పెద్దమ్మా. రేపటిసంది రానక్కర లేదన్నడు సారు. పుదీనకు నీళ్ళు ఎక్కువ పొయ్యకు, కుళ్ళుతది. జర సూడు."

జగిత్యాల వైపు కుర్రాడు. ముప్పై నిండలేదు. సౌభాగ్యమ్మ గిన్నె తోముతూ తలెత్తలేదు.

"ఎక్కడికి పోతావయ్యా?" అంది గిన్నెతో అన్నట్టు.

"యాడికి పోత? ముషెరిబ్ల రూముంది గదా. ఇంకో తోట దొరుకుతది. ఈ దేశంల ఇసుక తక్కువనా, నీళ్ళు పోయించుకునెటోళ్ళు తక్కువనా!" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర గ్లోరియమ్మ గారు కొడుకుతో గొడవ పడ్డారు.

గ్లోరియమ్మ గారు రిచర్డ్ సార్ తల్లి. అరవై నాలుగేళ్ళు. నెల రోజులు కొడుకు దగ్గర ఉండి వెళ్దామని కాలిఫోర్నియా నుంచి వచ్చారు. వచ్చే శుక్రవారం తిరుగు ప్రయాణం. మెక్సికోలో పుట్టిన మనిషి. కొడుకుని అందరూ రిచర్డ్ అంటే ఆవిడ మాత్రం రికార్డో అంటారు. వాళ్ళిద్దరూ స్పానిష్‌లో మాట్లాడుకుంటారు. సౌభాగ్యమ్మకి ఆ భాష రాదు గాని, ఆ రాత్రి 'పపేలెస్' అన్న మాట నాలుగుసార్లు వినపడింది. కాగితాలని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చివర్న ఆవిడ చెంచా కింద పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని ఒక్క ప్రశ్న అడిగారు. కొడుకు ముఖం ఎర్రబడింది. లేచి, తల్లి పళ్ళెం కూడా తనే తీసి, కడిగి, బోర్లించాడు. ఎంత కోపమొచ్చినా తల్లి చేత పళ్ళెం కడిగించేవాడు కాదు.

మర్నాడు తోర్తియాలకి, అంటే గ్లోరియమ్మ గారి దేశపు రొట్టెలకి, పిండి కలిపేటప్పుడు సౌభాగ్యమ్మ ఉండబట్టలేక అడిగింది. వాళ్ళిద్దరి మధ్యా నడిచేది విరిగిన ఇంగ్లీషు. ఈమె చాలని చోట చేతులతో చెబుతుంది, ఆవిడ చాలని చోట కళ్ళతో చెబుతారు. నెల తిరిగేసరికి ఆ భాషలో వాళ్ళు మాట్లాడుకోని విషయం లేదు.

"రాత్రి సార్‌ని ఏమడిగారమ్మగారూ?"

"నాకున్నాయా అని అడిగాను. కాగితాలు. ముప్పై రెండేళ్ళు నాకున్నాయా, అని."

సౌభాగ్యమ్మ చేతిలో పిండి ఆగింది.

"వాడు కడుపులో ఆరో నెల. నది మోకాళ్ళ లోతే ఉంది. అవతల ఒక రోడ్డు. పరిగెత్తమన్నారు, పరిగెత్తాను." గ్లోరియమ్మ గారు ఉండ చేసి, అరచేతుల మధ్య తపతపా కొట్టి పల్చగా సాగదీశారు. కర్ర ముట్టుకోరు ఆవిడ. "తరవాత బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. పోలీసు కనిపిస్తే గుడ్డల గుట్ట కింద దూరేవాళ్ళం. నాకు ఇంగ్లీషు రాదు. ఎనిమిదేళ్ళప్పటి నుంచి వాడే నాకు అన్ని ఫారాలూ నింపేవాడు. వేలు పెట్టి చూపించేవాడు. ఇక్కడ సంతకం మమా, అని. నేను చేసేదాన్ని."

"మరి కాగితాలు ఎలా వచ్చాయండీ?"

"పదేళ్ళ కిందట ఏనుగు పార్టీవాళ్ళు ఇచ్చారు."

వాళ్ళ దేశంలో రెండు పార్టీలట. ఒకదానికి గుర్తు ఏనుగు, ఇంకోదానికి గాడిద. ఇది విన్న మొదటిరోజు సౌభాగ్యమ్మ పొయ్యి దగ్గర కూలబడి నవ్వింది. "గాడిదకి ఓటెయ్యమని మా పాలకొల్లులో మైకు పెట్టి అడిగితే, డిపాజిట్టే కాదు, కట్టుకున్న పంచె కూడా మిగలదండీ!" అంది. ఆవిడా నవ్వారు.

ఇప్పుడు నవ్వలేదు. "ఏనుగు పార్టీ అధ్యక్షుడే సంతకం పెట్టాడు. దాక్కుని ఉన్నవాళ్ళందరూ బయటికి రావచ్చన్నాడు. ఆయన ఫొటో మా ఇంట్లో మరియమాత పక్కనే ఉంది. రికార్డో అప్పటి నుంచీ ఆ పార్టీ వాడే. వాడికి అది పార్టీ కాదు, తన అమ్మకి కాగితం ఇచ్చిన ఇల్లు. నేనూ అంతే. మొన్న ఫిబ్రవరిలో చెయ్యెత్తి ప్రమాణం చేసి పౌరురాలినయ్యాను. ఇదే నా మొదటి ఓటు, సోబా."

ఆ ఓటు పోస్టులో వచ్చింది. అట్ట కవరులో ఒక కార్డు, దాని కింద పెట్టుకోవడానికి మెత్తటి తెల్ల దిమ్మె, గుచ్చడానికి సన్నటి పుల్ల. కార్డు మీద బొమ్మల్లేవు, పేర్లు లేవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో వేరే పుస్తకంలో ఉంటుంది. తల్లీకొడుకులిద్దరికీ చెరొకటి వచ్చాయి. గురువారం కంపెనీ టపా సంచిలో వెళ్తేనే ఎన్నికల రోజుకి అక్కడికి చేరేది.

మంగళవారం సార్ చిన్న చీటీ మీద అంకెలు రాసి, వరసగా, కొట్టివేతలు లేకుండా, తల్లి కళ్ళద్దాల పక్కన పెట్టాడు.

"వీటి దగ్గర గుచ్చు మమా. అన్నీ మనవాళ్ళవే. కవరు మీద ఇక్కడ సంతకం," అని వేలు పెట్టి చూపించాడు. ఆవిడ షాలు జారితే సర్ది, నుదురు ముద్దు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. కోపం ఏనాడో పోయినట్టే ఉంది. నర్సింలు ఊసు మాత్రం ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం గ్లోరియమ్మ గారు ఓటు వెయ్యలేదు. టీవీ ముందు కూర్చున్నారు. కూతురు అమెరికా నుంచి ఏవో సీరియళ్ళు రికార్డు చేసి పంపిన వీడియో క్యాసెట్టు అది. మధ్యలో ఎప్పటిదో పాత ఎన్నికల ప్రకటన ఒకటి వస్తుంది. ఆవిడ వెనక్కి తిప్పి, వెనక్కి తిప్పి అదే చూస్తున్నారు.

"రా, చూడు," అన్నారు.

మసక వెలుతురు. పెద్ద రోడ్డు. కార్ల మధ్య నుంచి మనుషులు చెల్లాచెదురుగా పరిగెత్తుతున్నారు. ఒకడి చేతిలో మూట, ఒకామె చంకలో పిల్ల. పైనుంచి మగ గొంతు గంభీరంగా ఏదో చెబుతోంది.

"ఏమంటున్నాడండీ?"

"వస్తున్నారు, ఆగకుండా వస్తున్నారు అంటున్నాడు. ఎలకలు వస్తే చెప్పినట్టు." ఆవిడ బొమ్మని అక్కడే ఆపి, లేచి, తెర దాకా వెళ్ళి పిల్లనెత్తుకున్న ఆమె మీద వేలు పెట్టారు. "ఇది ఏనుగు పార్టీదే. నాకు కాగితం ఇచ్చిన ఇల్లే. ఇది నేను సోబా. ఈ బొమ్మ నేనే."

సౌభాగ్యమ్మకి ఎడ్వర్డు గారి గొంతు వినపడింది. వస్తూనే ఉంటారు, పారిపోతూనే ఉంటారు. తలూపిన తన తల కనపడింది. వంటింట్లోకి వెళ్ళి కిటికీ గట్టు చూసింది. శనివారం నాటి పుదీనా అక్కడే నల్లబడి ఉంది. తియ్యబుద్ధి కాలేదు, ఉంచబుద్ధీ కాలేదు.

బుధవారం పొద్దున ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. మధ్యలో కార్డు, దిమ్మె, పుల్ల, చీటీ. గ్లోరియమ్మ గారు అంకెల పుస్తకం తెరిచారు. అది స్పానిష్‌లోనే ఉంది, చదవగలరు. చదవగలగడమే కష్టమైంది.

"వాడు చెప్పినట్టు గుచ్చితే నా మీద నేనే గుచ్చుకున్నట్టు. గుచ్చకపోతే..." ఆగారు. "ఎల్లుండి విమానం. వాడికి తెలిస్తే? కోపంతో ఎయిర్‌పోర్టులో నిలబడితే? నా వయసులో విమానం ఎక్కితే మళ్ళీ ఎప్పుడు చూస్తానో ఎవరికి తెలుసు?"

 ఈ సంగతి సౌభాగ్యమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"మా ఆయన విజయరత్నం గారు నేను బస్సెక్కుతుంటే రాలేదండి. నేనిక్కడికి రావడం ఆయనకి ఇష్టం లేదు. అరుగు మీదే కూర్చున్నారు, అటు తిరిగి. ఏడు నెలలకి పోయారు. ఆ వీపే గుర్తుంది నాకు." కొంగుతో బల్ల తుడిచింది, తుడవాల్సిందేమీ లేకపోయినా. "అందుకని నేను మీకు గుచ్చండనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఇంకోటి మాత్రం చెప్తాను, వింటారా?"

"చెప్పు."

"మా పేటలో మాకు ఇళ్ళ స్థలాలు ఇచ్చింది చెయ్యి గుర్తు పార్టీ. ఆ పార్టీకి ఎన్నేళ్ళు వేశామో లెక్కలేదు. మా ఆయన చెప్పక్కర్లేదు, చెయ్యి కనపడితే ముద్ర అక్కడే పడేది. ఒకసారి వాళ్ళ మనిషే జీపు మీద మా పేటకొచ్చాడు. మైకు కట్టేశాననుకున్నాడు, కట్టలేదు. పక్కవాడితో అంటున్నాడూ, 'ఇక్కడ ఎక్కువసేపు ఎందుకయ్యా, వీళ్ళెక్కడికి పోతారు, పడేసిన ముక్క దగ్గరే పడుంటారు' అని. పేటంతా విన్నాం. ఎవరం ఏం అనలేదు. దండ కూడా వేశాం."

"తరవాత?"

"తరవాత సైకిలు మీద గుద్దాను." చెప్పి నోరు మూసుకుంది చేత్తో, పదమూడేళ్ళ తరవాత ఇప్పుడే దొరికిపోయినట్టు. "ఇల్లిచ్చింది నిజం. తిట్టిందీ నిజమే. ఇంటికి ఎన్నోసార్లు వేశాను, తిట్టుకి ఒక్కసారి వేశాను. మా ఆయనకి చెప్పలేదండి. మీకే చెప్పడం."

గ్లోరియమ్మ గారు ఆమె ముఖంలోకి చూసి, ముందు పెదాలు బిగించి, తరవాత ఆపుకోలేక నవ్వేశారు. నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడంలో అంతా నవ్వే లేదు.

కార్డు దిమ్మె మీద పెట్టుకున్నారు. అట్ట కవరులో వచ్చిన పుల్లని పక్కకి నెట్టి, సంచిలోంచి తన కుట్టుసూది తీశారు, లావుది, బనీన్లు కుట్టేది. ముప్పై ఏళ్ళు చేసిన పని. చూపుడువేలితో అంకె తడిమి, పుస్తకం చూసి, మళ్ళీ తడిమి, పొడిచారు. టిక్కుమంది. చీటీ వైపు చూడలేదు. టిక్కు, టిక్కు. ఒక చోట మాత్రం ఆగి, చీటీ చూసి, తల పంకించి గుచ్చారు. "ఈయన మా వీధి వాడు. ఏనుగే, కానీ మంచివాడు. మా అన్నయ్య చావుకి వచ్చాడు," అన్నారు.

అయ్యాక చూస్తే కవరు దోహా ఉక్కకి తనంతట తనే అంటుకుపోయి ఉంది. లోపల ఏమీ పెట్టకుండానే! లాగితే చిరుగుతుంది. ఇద్దరూ బెంబేలు పడ్డారు. సౌభాగ్యమ్మ అన్నం గిన్నె మూత తీసి, ఆవిరికి పట్టి, గరిట కాడతో నెమ్మదిగా కవరు మూతి విప్పింది. కార్డు లోపల పెట్టి, వేడినీళ్ళలో మైదా ఉడికించి, ఆ జిగురుతో అంటించింది. గ్లోరియమ్మ గారు ఎవరూ వేలు పెట్టి చూపించకుండానే సంతకం చేశారు.

"నువ్వు తోర్తియా కొలతలు అడిగావు కదా," అన్నారు తరవాత. చుట్టూ చూసి, చేతికందిన ఆ అంకెల చీటీనే తిరగేసి, వెనకవైపు రాశారు. పిండి ఇంత, కొవ్వు ఇంత, ఉప్పు చిటికెడు, నీళ్ళు గోరువెచ్చగా. "నాకు ఇంక దీంతో పని లేదు." సౌభాగ్యమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అతికించింది.

ఏ వైపు పైకి ఉందో చూసుకోలేదు.

గురువారం పొద్దున రిచర్డ్ సార్ కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మైదా మరక గోటితో గీకాడు. "అంకెలు సరిపోయాయా మమా?" అన్నాడు. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ దగ్గరకెళ్ళి ఆగిపోయాడు. ఎదురుగా తన చేతిరాత. ఒక్క గుర్తు లేదు, మడత లేదు, అంకెల మీద ఎవరి వేలూ నడిచినట్టు లేదు. అయస్కాంతం తీసి చీటీ తిరగేశాడు. తల్లి రాత. పిండి, కొవ్వు, ఉప్పు.

సౌభాగ్యమ్మ చేతిలో ఉల్లిపాయ కత్తిపీట మీదే ఆగిపోయింది. గ్లోరియమ్మ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, ఫ్యాక్టరీలో మేస్త్రీ పని చూడ్డానికి వచ్చినప్పుడు కూర్చున్నట్టు కాబోలు.

ఆయన చాలాసేపు చదివాడు. నాలుగు ముక్కలకి అంతసేపు పట్టదు.

"ఉప్పు చిటికెడు కాదు మమా. నువ్వు రెండు వేస్తావు," అన్నాడు.

చీటీ మళ్ళీ అతికించాడు, ఈసారి కొలతలు పైకి పెట్టి. తల్లి కవరు జేబులో పెట్టుకున్నాడు. తన కవరు ఇంకా బల్ల మీదే ఉంది, అందులో ఏముందో, ఏం గుచ్చాడో వాళ్ళెవరూ అడగలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"సోబా, నర్సింలు ఎక్కడుంటాడో తెలుసా?"

 ఒకసారి నోరు జారితే ఏమైందో ఆమె చూసింది. "తెలీదు సార్," అంది గబుక్కున.

సార్‌కి అర్థమైంది. ముఖం చిన్నబోయింది. "పోలీసులకి కాదు," అన్నాడు మెల్లిగా. "మమా రేపు వెళ్ళిపోతుంది. అతనికి చెప్పి వెళ్ళాలంటుంది. నేను తీసుకెళ్తాను."

శుక్రవారం పొద్దున సౌభాగ్యమ్మ దారి చూపించిన ముషెరిబ్ వెనక సందులో కారు పట్టలేదు. దూరంగా ఆపి నడిచారు. తొమ్మిదిమంది ఉండే గది. బయట తీగ మీద లుంగీలు, గుమ్మం పక్కన నూనె డబ్బాలో పచ్చగా పుదీనా. ఇంజనీరుని చూసి లోపలివాళ్ళు బిగుసుకుపోయారు. నర్సింలు మాత్రం బనీను మీద చొక్కా వేసుకుంటూ, గుండీలు తప్పు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"మదామ్! అరె, అందరొచ్చిండ్రు! కూసోండ్రి, కూసోండ్రి." కూర్చోవడానికి ఒకే బకెట్టు ఉంది. దాన్ని బోర్లించి, తువ్వాలు పరిచి గ్లోరియమ్మ గారిని కూర్చోబెట్టాడు.

ఆవిడ పొద్దున్నే సౌభాగ్యమ్మ చేత చేయించి గుడ్డలో చుట్టిన తోర్తియాలు అతని చేతుల్లో పెట్టి, ఆ చేతులు అలాగే పట్టుకున్నారు. రిచర్డ్ సార్ కొంచెం వెనకగా నిలబడి, గోడకేసి, తీగకేసి, డబ్బాలో మొక్కకేసి చూశాడు. ఏదో చెప్పబోయి, "ఈ మొక్క మా తోటలో దానికంటే బాగుంది," అన్నాడు హిందీ ఇంగ్లీషు కలిపి.

"నీళ్ళు తక్కువ పోస్త సార్," అన్నాడు నర్సింలు.

సౌభాగ్యమ్మ ఇంక ఆగలేకపోయింది. ఇక్కడ తెలుగు తెలిసినవాళ్ళు వాడూ, తనూ, లోపలున్న గదివాళ్ళే. విననీ అనుకుంది.

"నర్సింలూ, నీ సంగతి సార్‌కి చెప్పింది నేనేనయ్యా. ఖల్లివెల్లి అని. నేనే చెప్పాను."

అతను తోర్తియా ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంటున్నాడు. నమిలాడు. మింగాడు.

"నాకు ఎర్కనే పెద్దమ్మా."

"ఎప్పట్నుంచి?"

"గా దినమే. నువ్వు గిన్నె అంతసేపు ఎన్నడు తోమినవు?"

తెలిసే పుదీనా పెట్టి వెళ్ళాడు. కుళ్ళకుండా చూడమని చెప్పి వెళ్ళాడు.  సౌభాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గ్లోరియమ్మ గారు బకెట్టు మీద నుంచి ఆమెకేసీ అతనికేసీ మార్చి మార్చి చూశారు. "ఏమైంది? సోబా ఏమంది?" అని అడిగారు. కొడుకు కూడా నర్సింలు వైపు చూశాడు.

నర్సింలు ఇంకో ముక్క తుంచాడు.

"రొట్టె ఈమె చేసిందట మదామ్," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "ఉప్పు జర తక్కువైందని ఏడుస్తున్నది."

రిచర్డ్ సార్ ఫక్కున నవ్వాడు. "రెండు చిటికెలని నేను చెప్పానా లేదా!" అన్నాడు తల్లితో. ఆవిడ బకెట్టు మీద నుంచి లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో సౌభాగ్యమ్మ తల నిమిరారు.

నర్సింలు వంగి డబ్బాలోంచి గుప్పెడు పుదీనా తుంచాడు. నీళ్ళు చిలకరించి సౌభాగ్యమ్మ చేతిలో పెట్టాడు, కిటికీ గట్టు మీద పెట్టినట్టే.